పెట్టె తెచ్చి ఇచ్చినవాడు

సినిమా అయిపోయి లైట్లు వేశాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. జనగామలో మా సినిమా క్లబ్బు పెద్ద వ్యవహారమేమీ కాదు. రిటైరైన పంతుళ్లం నలుగురం, డిగ్రీ చదివే పిల్లలు పది పన్నెండు మంది, ఒక మందుల దుకాణం ఆయన, ఆయన భార్య. నెలకో ఆదివారం పొద్దున, పెళ్లిళ్లు లేని రోజు చూసుకుని, ఒక ఫంక్షన్ హాలు పైగదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి గోడ మీద బొమ్మ వేసుకుంటాం. ఆ రోజు వేసింది ఏదో మంచు కురిసే దేశపు సినిమా. మాటలు మాలో ఎవరికీ తెలియని భాష, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. మందుల దుకాణం ఆయన ఆ అక్షరాలను భార్యకు తెలుగులో చెబుతూనే ఉన్నాడు. ఆమె నడుమ నడుమ "అయ్యో, ముసలాయన్ను గట్ల గుంజుకపోతున్నరేంది" అని అంటూనే ఉంది. కథ ఒక కవిది. ఆయన రాసినవి అక్కడి సర్కారుకు నచ్చవు. ఇల్లు సోదా చేస్తారు, తీసుకుపోతారు, ఆయన తిరిగి రాడు. చివర తెర అంతా తెల్లగా మంచు.

నా కళ్లు ఆ కవి మీద నిలవలేదు. సోదా జరిగే దగ్గర ఒక మనిషి వస్తాడు. కింది వాటాలో ఉండేవాడు, కవికి స్నేహితుడు. తల మీద ఉన్ని టోపీ. అధికారులు అల్మారా తీసి, పరుపు తిప్పి, ఏమీ దొరక్క నిలబడి ఉంటారు. అప్పుడు ఈ మనిషి, ఎవరూ అడగకుండానే, పక్క గదిలోకి వెళ్లి మంచం కింద నుంచి ఒక చెక్కపెట్టె లాగి తెచ్చి బల్ల మీద పెడతాడు. పెట్టి, చేతులకు అంటిన దుమ్ము దులుపుకుంటాడు. రెండు నిమిషాలు కూడా ఉండదు ఆ దృశ్యం. ఆ తర్వాత అతను సినిమాలో ఎక్కడా లేడు. నేను మాత్రం మిగిలిన గంటసేపూ అతను మళ్లీ వస్తాడేమోనని ఎదురు చూశాను.

ఆనవాయితీ ప్రకారం చివర నన్ను మాట్లాడమన్నారు. లేచి మాట్లాడాను. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన గొంతు కదా, తడుముకోదు. కవి గుండె ధైర్యం గురించి, కలాన్ని సంకెళ్లు ఆపలేకపోవడం గురించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. నర్మెట నుంచి బస్సులో వచ్చే పిల్ల, ఎప్పుడూ ఏమీ మాట్లాడదు.

"సార్, ఆ పెట్టె తెచ్చిచ్చినాయన తర్వాత ఏమయిండు?"

"సినిమాల చెప్పలే కదమ్మా," అన్నాను.

"అదే సార్. ఎందుకు చెప్పలే? ఆయన గూడ బతికే ఉంటడు కదా. పెండ్లి చేసుకుంటడు, పిల్లలుంటరు. ఆయన గురించి ఎవలు సినిమా తీస్తరు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి నడుస్తుంటే ఆ ప్రశ్న చెప్పులో రాయిలాగ ప్రతి అడుగుకూ తగిలింది. ఆయన ఏమయ్యాడో నాకు తెలుసు. ఆయన టీచరయ్యాడు, తర్వాత హెడ్మాస్టరయ్యాడు. ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పించుకున్నాడు. ఇప్పుడు జనగామలో సొంత ఇంట్లో, మిద్దె మీద తులసి కుండీలకు నీళ్లు పోసుకుంటూ ఉన్నాడు.

మాది నర్సింహులపేట. చదువుకోసం మహబూబాబాద్‌లో గది తీసుకున్నప్పుడు నాకు ఇరవై నిండలేదు. ఖాసిం సాబ్ అనే దర్జీ ఇంటి వెనక గది అది. ముందు గదిలో మిషన్, మధ్యలో వాళ్ల సంసారం, వెనక మేము. ఇంట్లోకి వచ్చే దారి ఒకటే కావడం వల్ల మేం ఎప్పుడు వచ్చినా, పోయినా ఆయన ముందు నుంచే. మూతిలో గుండుసూదులు పట్టుకుని కుట్టేవాడు కాబట్టి పలకరిస్తే నోరు తెరవకుండా "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"లో పది రకాలుండేవి. పొద్దున్నే ఆయన చేసే మొదటి పని ఇస్త్రీపెట్టెలో బొగ్గులు నింపి విసనకర్రతో రాజేయడం. తడిగుడ్డ మీద ఇస్త్రీ ఆడినప్పుడు లేచే ఆవిరి వాసనతోనే మాకు తెల్లారేది. కొత్త గుడ్డ గంజి వాసన, బొగ్గు వాసన, లోపల నుంచి ఆయన భార్య వేసే పోపులో కరివేపాకు వాసన, ఈ మూడూ కలిసిన గాలిని నేను మళ్లీ ఎక్కడా పీల్చలేదు. ఆమెను మేమిద్దరం ఖాలా, అంటే పిన్నమ్మ, అనేవాళ్లం. ఆమె పొద్దంతా ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది, ఎక్కువగా కోడిని. శుక్రవారం మాత్రం తిట్లు బంద్. ఆ రోజు నమాజు నుంచి ఖాసిం సాబ్ రాగానే బగారా అన్నం, దాల్చా ఒక సత్తు పళ్లెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, మా గది గడప మీద పెట్టి పోయేది. "తినుండ్రి బేటా. మీ ఇద్దరి మొకాలు జూస్తే కరువు యాదికొస్తది" అనేది.

ఇద్దరం అంటే నేనూ భద్రూ. భద్రుది నెల్లికుదురు దగ్గర ఒక తండా. మా క్లాసే. ఇంట్లో వాళ్లది వాళ్ల లంబాడీ భాష, బయట మాతో తెలుగు. ఆ తెలుగును కాలేజీలో కొందరు ఎక్కిరించేవారు. మా అందరి తెలుగునే సినిమాల్లో రౌడీలకు, జోకర్లకు పెట్టి ఎక్కిరిస్తున్న రోజులవి. అది చూసి మాకు కడుపు మండేది, అయినా భద్రు మాట్లాడితే నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. వాడు పట్టించుకునేవాడు కాదు. "నవ్వుండ్రి. మీ తెలుగు నాకు వచ్చు, నా మాట మీకు రాదు. ఎవడు ఎక్కువ సదివినట్టు?" అనేవాడు.

గదిలో వంట వాడిది. నాకు అన్నం వార్చడం కూడా రాదు. మా ఇంట్లో మగవాళ్లను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. భద్రు సాయంత్రం కాలేజీ నుంచి వస్తూనే జొన్నపిండి కలిపి, పీట మీద రొట్టెలు చరిచేవాడు. పాటలు కట్టింది అప్పుడే. అరచేయి పిండి మీద పడే దెబ్బకు ఒక నడక ఉండేది. ఆ నడక మీద ఒక మాట వచ్చి కూర్చునేది, దాని పక్కన ఇంకొకటి. రొట్టె పెద్దదవుతుంటే పాట పెద్దదయ్యేది. పెనం మీద వేశాక మొత్తం ఒకసారి పాడి, "రాస్తున్నవా లేదా?" అనేవాడు. నేను గడప మీద నోటుబుక్కు పట్టుకుని కూర్చునేవాణ్ని. వాళ్ల భాషకు లిపి లేదు. నేను తెలుగు అక్షరాల్లో రాసేవాణ్ని. నా దస్తూరి బాగుంటుందని పేరు. ప్రతి పాటకూ వాడు అర్థం చెప్పేవాడు, నేను ఇంకోసారి చెప్పించుకునేవాణ్ని, ఏడాది తిరిగేసరికి సగం భాష నా చెవికి అలవాటైంది. వంట వాడిది, రాత నాది అని పంచుకున్నాం. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే రెండు పనులూ వాడివే.

పాటల్లో ఎక్కువ వాళ్ల తండా సంగతులే. పెళ్లీడు పిల్ల, పోయిన ఎద్దు, తాగి గుడిసె దారి మరిచిన మేనమామ. వాళ్ల తండా పక్క గుట్ట కింద చెలకలున్నాయి. తాతల నాటి నుంచి పొదలు కొట్టుకుని సాగుచేసుకుంటున్న మెట్టచేలు. కాగితాలు లేవని చెప్పి ఒక వానాకాలం ఒక అధికారి మొలక మీద పశువులను తోలించాడు. భద్రు ఊరికి పోయి చూసి వచ్చి రెండు రోజులు పొయ్యి ముట్టించలేదు. మూడోరోజు రొట్టె చరుస్తూ పాట కట్టాడు. మొలకను కాగితం అడిగావు, మరి వానను ఏ కాగితం అడిగావు అని ఆ అధికారిని అడిగే పాట. రాస్తూ ఒక్కొక్క పాదాన్నీ మళ్లీ పాడించుకున్నాను. అంత మంచి పాట. ఒక కాగితం మీద విడిగా, ముత్యాల్లాంటి అక్షరాలతో నకలు తీసి, తండాలో చదవనేర్చిన ఒకరికి ఇవ్వమని పంపాను. అది భద్రు ఆలోచన కాదు, నాదే. నా దస్తూరి పది మంది చూడాలని నా కోరిక.

పాట నాట్లలోకి పోయింది. అంగడికి పోయింది. పశువులను మళ్లీ తోలుకొచ్చిన రోజు ఆడవాళ్లు చెలకకు అడ్డంగా కూర్చుని అదే పాడారట. అడవిలో ఉన్న అన్నలతో సంబంధం లేకుండా ఇంత పాట ఎవడు కడతాడని పోలీసులకు అనుమానం వచ్చింది. భద్రును తండాలోనే పట్టుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం నా కాగితం చేతిలో పట్టుకుని ఖాసిం సాబ్ ఇంటికి వచ్చారు.

నేను వెనక గదిలో ఉన్నాను. ముందు గదిలో మాటలన్నీ వినపడుతున్నాయి. మిషన్ ఆగింది.

"ఇది ఎవరి రాత?"

"ఏమో సార్, నేను సదువుకోలే," అన్నాడు ఖాసిం సాబ్. ఆయనకు ఉర్దూ బ్రహ్మాండంగా వచ్చు, తెలుగూ చదివేవాడు.

"నీ ఇంట్ల ఎవరు రాస్తరు?"

"నా ఇంట్ల రాసేది నేనే సార్, సుద్దముక్కతోని, గుడ్డల మీద. ఒక్కసారి ఉతికితే పోతది. కావాల్నంటే తీస్కపోండ్రి."

చెంప మీద దెబ్బ పడిన చప్పుడు వినిపించింది. ఖాలా ఏదో అరిచింది. ఆయన మళ్లీ అదే గొంతుతో "నాకు తెల్వదు సార్" అన్నాడు. అరవై ఏళ్ల మనిషి.

వాళ్లు అప్పటికి లోపలి గదుల్లో అడుగు పెట్టి వెతకలేదు. వెతికేవారేమో, వెళ్లిపోయేవారేమో, నాకు తెలియదు. తెలుసుకునేదాకా నేను ఆగలేదు. ఆ నెలలోనే నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. మా బాపు ఊరంతా చెప్పుకున్నాడు. ఈ మాట సాకుగా చెప్పడం లేదు, ఆ క్షణాన నా తలలో ఏముందో చెబుతున్నాను, అంతే. రేకు పెట్టె మూత తీసి, బట్టల అడుగున ఉన్న నోటుబుక్కు తీసుకుని ముందు గదిలోకి వెళ్లాను. వాళ్ల దగ్గర ఉన్నది ఒక్క కాగితమే. నోటుబుక్కు ఒకటి ఉందని వాళ్లకు తెలియదు, వాళ్లు అడగలేదు. నేనే ఇచ్చాను. "రాత నాదే సార్. పాటలు నాయి కావు. అన్నీ గీంట్లనే ఉన్నయి," అన్నాను. ఖాసిం సాబ్ మూతిలో గుండుసూదులు లేవు. అయినా ఆయన ఏమీ అనలేదు.

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ పేజీలు తిప్పి, "దస్తూరి మంచిగుందిరా. నీ చేత్తోనే రాయి," అని తెల్లకాగితం ఇచ్చాడు. ఆయన చెబుతుంటే రాశాను. భద్రు నన్ను బెదిరించి రాయించాడని, అర్థం నాకు తెలియదని. అడుగున సంతకం పెట్టాను. ఒకరు చెబుతుంటే రాయడం నాకు అప్పటికి బాగా అలవాటైన పని. భద్రును తీసుకొచ్చారు. పెదవి వాచి ఉంది, ఒక కాలు ఈడుస్తున్నాడు. కాగితం చదివి వినిపించి, "నిజమేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భద్రు నన్ను చూశాడు. ఎక్కువసేపు కాదు.

"నిజమే సార్. ఆయనకు మా భాష రాదు. నేను జెప్పింది జెప్పినట్టు రాసిండు. ఆయనకేం ఎరికలేదు," అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు. హాయి. బయటకు వచ్చి, కొళాయి దగ్గర మొహం కడుక్కుని, ఎండలో నడుచుకుంటూ గదికి పోయాను. ఆకలి కూడా వేసింది.

వారం తర్వాత భద్రు చెల్లెలు చాందీ వచ్చింది. భద్రు కన్నా రెండేళ్లు చిన్నది. అప్పటికి కొత్తగా పెళ్లయి మొగుళ్లపల్లి దిక్కు ఒక తండాకు వెళ్లింది. అన్న సంగతి తెలిసి తండ్రితో కలిసి ఠాణా చుట్టూ తిరిగి, చివరికి మా గదికి వచ్చింది. గడప దగ్గర నిలబడి ఒకటే అడిగింది. "పుస్తకం వాళ్లకు ఎట్ల దొరికింది అన్నా?"

"రూమంత వెదికిండ్రు. నేను ఇయ్యనన్న. గుంజుకున్నరు," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మోచేతి మీద, సైకిల్ మీంచి పడినప్పుడు తగిలిన గాయం ఉంది. దాన్ని చూపించాను. ఆ పిల్ల నా చేయి పట్టుకుని దాని వంక చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. ముందు గదిలో మిషన్ చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఖాసిం సాబ్ నన్ను గది ఖాళీ చేయమనలేదు. ఒక్క మాట అడగలేదు. ఖాలా కోడిని తిట్టడం మానలేదు. కానీ ఆ శుక్రవారం గడప మీద పెట్టిన పళ్లెం ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా ఉంది. మరుసటి శుక్రవారమూ అంతే. నేను ఆ గదిలో ఉన్నన్నాళ్లూ అంతే. ఆమె మరిచిపోయి పెట్టిందనుకోవడానికి లేదు, ఉప్పు రాయి కూడా లెక్కతో వేసే మనిషి. చెప్పదలచుకున్నది ఆమె అలా చెప్పింది. ఇంకొకడైతే సగం తిని సగం తిప్పి పంపేవాడు, లేకపోతే గది వదిలి పోయేవాడు. నేను ప్రతి శుక్రవారం రెండు వాటాలూ తిన్నాను. పళ్లెం కడిగి ఇచ్చాను.

భద్రు రెండు వానాకాలాలు జైల్లో ఉండి వచ్చాడు. చదువు పోయింది. తండాలో ఉండనివ్వక పోలీసులు వారం వారం పిలుస్తుంటే, చెల్లెలి దగ్గరికి పోయి కూలి చేసుకుని బతికాడు. పెళ్లి చేసుకోలేదు. పాటలు మళ్లీ కట్టలేదని విన్నాను. ఆ నోటుబుక్కు ఏ బీరువాలో చెదలు తిన్నదో ఎవరికీ తెలియదు. తర్వాత వాణ్ని ఒక్కసారే చూశాను, మహబూబాబాద్ స్టేషన్లో. మిరపకాయ ఏరడానికి ఖమ్మం దిక్కు పోయే కూలీల గుంపులో, పట్టాల అవతలి ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి చేయి ఎత్తాడు. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. బండి వచ్చి మా ఇద్దరి మధ్య ఆగింది.

రెండేళ్ల కిందట చాందీ కొడుకు ఫోన్ చేశాడు. నంబరు ఎక్కడ సంపాదించాడో. "సార్, మా మామ భద్రు సచ్చిపోయిండు. గుండె ఆగింది. మీకు తప్పకుండ చెప్పుమన్నది అమ్మ," అన్నాడు. షుగర్ ఎక్కువగా ఉంది, ప్రయాణం చేయలేనని చెప్పాను. ఆ వారమే పెళ్లికి కరీంనగర్ పోయి వచ్చాను.

సినిమా చూసిన మరునాడు పొద్దున బయలుదేరుతుంటే మా ఆవిడ "ఎటు?" అంది. మొగుళ్లపల్లి అన్నాను. "ఆడ మనకెవలున్నరు?" అంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకు భద్రు పేరు కూడా చెప్పలేదు. కూర్చోబెట్టి చెప్పాను. ఆమె అంతా విని, టిఫిన్ డబ్బా నా సంచిలో పెట్టి, "పొయ్యిరా. ఆడికి పొయ్యినంక మాత్రం కథ తిప్పకు," అంది.

హనుమకొండలో బస్సు మారి, పరకాలలో దిగి, అక్కడి నుంచి ఆటో. దారి పొడవునా పత్తి. ఆటో కుర్రాడు పెట్టిన పాట లంబాడీ పాటే, డప్పులు, కీబోర్డు దట్టించి. ఆ భాషలో పాటను ఇప్పుడు ఎవరైనా ఫోన్లో పాడి, ఫోన్లో దాచి, పది ఊళ్లకు పంపుకుంటారు. తండాలు పంచాయతీలయ్యాయి, సర్పంచు కుర్చీలో వాళ్ల మనిషే కూర్చుంటున్నాడు. ఒక పాట బతకడానికి ఒక గదిలో ఒక పెట్టెలో ఒక నోటుబుక్కు, దాన్ని కాపలా కాసే ఒక పిరికివాడు అక్కర్లేని కాలం వచ్చింది. దానికి సంతోషించాను. భద్రు ఈ కాలంలో పుట్టి ఉంటే అనుకోబోయి ఆగాను. అలా అనుకోవడంలో తప్పంతా కాలం మీదికి పోతుంది.

చాందీ ఇంటి ముందు అరుగు మీద కందులు చెరుగుతూ ఉంది. అద్దాల రవిక, గాగ్రా ఎప్పుడో పోయాయి, మామూలు నేత చీర కట్టుకుంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను పేరు చెప్పాను. చేట పక్కన పెట్టి లేచి, నా రెండు భుజాల మీద చేతులు వేసి, తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది.

వాళ్లలో ఆడవాళ్ల ఏడుపు వట్టి ఏడుపు కాదు. చావు తర్వాత మొదటిసారి అయినవాళ్లు వస్తే, ఎన్నేళ్ల తర్వాత వచ్చినా, పట్టుకుని పాటగా ఏడుస్తారు. పోయినవాడు ఎట్లా బతికాడు, ఎవరు మేలు చేశారు, ఎవరు కీడు చేశారు, అంతా ఒక వరసలో అందులో చెబుతారు. వచ్చినవాడు కూర్చుని వినాలి. మధ్యలో మాట్లాడకూడదు. అయిపోయాకే మంచినీళ్లిస్తారు, అప్పుడు మామూలు మాటలు. చుట్టుపక్కల ఇళ్లలోంచి నలుగురైదుగురు ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. నేను సగం మరిచిపోయాననుకున్న భాష చెవిలోకి తిరిగి వచ్చింది. భియా అంటే అన్న. నా భియా పాటల పుస్తకాన్ని గుండెకు హత్తుకున్న భియా వచ్చాడు, అంటోంది ఆమె. పోలీసులతో పెనుగులాడిన భియా వచ్చాడు, మోచేయి చీరుకుపోయి నెత్తురు కారినా ఇయ్యనన్న భియా వచ్చాడు.

నా అబద్ధం ఇన్నేళ్లలో పెద్దదైంది. గాయం లోతైంది. అది ఆమె నోట పాటై, ఎంతమంది చుట్టాల ముందు, ఎన్నిసార్లు పాడబడిందో. వింటున్న ఆడవాళ్లు నా వైపు చూసి కొంగుతో కళ్లొత్తుకుంటున్నారు. ఇంకాసేపు కూర్చుంటే నీళ్లిస్తారు, భోజనం పెడతారు. భద్రుకు మేలు చేసినవాడిగా బస్సెక్కి ఇంటికి పోవచ్చు.

"చాందీ, ఆగు," అన్నాను.

ఆమె ఆగలేదు, నాకు దుఃఖం ఆగక అన్నాననుకుంది. ఆమె చేతులు నా భుజాల మీద నుంచి తీసేశాను. ఆడవాళ్లలో ఒకామె "ఏందయ్యా గట్ల జేస్తవ్" అంది.

"పోలీసులు గుంజుకోలే. నేనే ఇచ్చిన," అన్నాను. "వాళ్లు అడగలే. నా పెట్టెల నుంచి నేనే తీసి ఇచ్చిన. నీ అన్న బెదిరించి రాయించిండని సంతకం జేసిన. మోచెయ్యి సైకిల్ మీంచి పడితే పగిలింది."

ఇంటి ముందు మోటారుసైకిల్ కడుగుతున్న చాందీ కొడుకు చేతిలో గుడ్డతోనే వచ్చాడు. నలభై దాటినవాడు. అతనే నాకు ఫోన్ చేసింది.

"మరి గిప్పుడెందుకొచ్చినవ్ సార్?" అన్నాడు. "మా మామ ఉన్నప్పుడు రాకపోతివి. సచ్చిననాడు రాకపోతివి. గిప్పుడు నీ బరువు దించుకోనీకి మా అమ్మ నెత్తి దొరికిందా?"

అతను అడిగిందాంట్లో తప్పేమీ లేదు. అదే అన్నాను. చాందీ అతనికి ఆగమని చేయి చూపించింది. నా వైపు తిరిగింది.

"అన్నకు ఎరికేనా?"

"ఎరికే. ఠాణాల నా ముందటనే సదివి ఇనిపిచ్చిండ్రు. నిజమే సార్, ఆయనకేం ఎరికలేదు అన్నడు. నన్ను ఇడిపిచ్చిండు."

"ఎరికుండి నాకు జెప్పలే," అంది ఆమె. "గిన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నడు. నేను నీ పేరు దీసి మొక్కుతుంటె గమ్మున ఇన్నడు." నా మీద ఎంత కోపం వచ్చిందో అన్న మీద అంత కోపం వచ్చింది ఆమెకు. కందుల చేట వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత కొంగు సర్దుకుని అరుగు మీద కూర్చుంది.

నేను లేచి సంచి తీసుకున్నాను.

"యాడికి?" అంది. "ఏడ్పు నడుమల ఆపిచ్చినవ్. ఆడికెల్లి అందుకోవద్దు. మల్ల మొదటికెల్లి ఎత్తుకోవాలె. కూసో."

కూర్చున్నాను. కొడుకు "అమ్మా" అన్నాడు, ఆమె వినలేదు. ఈసారి నా భుజం మీద చేతులు వేయలేదు. వాటిని తన ఒళ్లో పెట్టుకుని, యాడీ, అమ్మా, అని మొదటి నుంచి ఎత్తుకుంది. భద్రు పుట్టుక వచ్చింది. చెలకలు వచ్చాయి, మొలక మీది పశువులు వచ్చాయి, జొన్నరొట్టె వచ్చింది. గొంతు మొదటిసారి కన్నా తగ్గింది, నెమ్మదైంది, ఒక్కొక్క మాటను తడిమి పెడుతోంది. ఖాసిం సాబ్ ఇల్లు వచ్చింది. అక్కడికి వచ్చి ఆగింది. కన్నీళ్లు తుడుచుకోకుండానే, మామూలు గొంతుతో నన్ను అడిగింది.

"పుస్తకం అట్ట ఏం రంగు?"

"ఎర్రది," అన్నాను. "కింది మూలకు సిరా మరక ఉండె."

తల ఊపింది. కళ్లు మూసుకుని మళ్లీ అందుకుంది. నా పేరు వచ్చింది. రేకు పెట్టె మూత వచ్చింది, దాన్ని ఎత్తిన చేయి వచ్చింది. ఎర్ర అట్ట వచ్చింది, మూలన సిరా మరక వచ్చింది. ఆడవాళ్లు కొంగులు దించి నా మొహంలోకి చూస్తున్నారు. ఈసారి అడ్డం చెప్పడానికి నాకేమీ లేదు.